సబ్బుల గోపురం

కాపురాలను అత్తలు విడదీశారని విన్నారు, ఆడపడుచులు విడదీశారని విన్నారు. నా కాపురాన్ని ఒక ఏడాది పాటు విడదీసింది ఓ సబ్బుబిళ్ళ. అదీ వేపాకు వాసన వచ్చే ఆకుపచ్చ సబ్బు. జరిగిన అనర్థమంతా చెబుతాను గానీ, కంచం ముందు పెట్టుకుని చదువుతున్నవారు మాత్రం చెయ్యి కడుక్కుని లేచాకే ముందుకు సాగండి.

అప్పుడు నేను మదనపల్లె దగ్గర ఒక పల్లె బడిలో అయ్యవారిని. కొత్తగా పెళ్ళయింది. భార్యకు కుప్పంలో ఉద్యోగం. మా ఇద్దరి మధ్య పుంగనూరు, పలమనేరు, లెక్కకు అందనన్ని స్పీడు బ్రేకర్లు. నా ఒళ్ళు మదనపల్లెలో ఉండేది, మనసు మాత్రం కుప్పం స్టేషన్లో బెంచీ మీద కూర్చుని వచ్చే రైలునూ పోయే రైలునూ చూస్తుండేది. నల్లబల్ల మీద గుణకారం వేస్తూ వేస్తూ జవాబు దగ్గర ‘కుప్పం’ అని రాశానంటే నా పరిస్థితి మీరే ఊహించుకోండి.

అలాంటివాడికి మా మండలం విద్యాధికారి మేడం ఒక ఆశ చూపించారు. “సోమవారం మీ బడికి వస్తాను. పిల్లల శుభ్రత మీద మంచి కార్యక్రమం చెయ్యప్పా. బాగుంటే నీ కుప్పం బదిలీకి నేనే పైకి రాస్తా.”

ఆ మాటతో నేను నేల మీద లేను. సబ్బు నురగ మీద ఉన్నాను.

ఆ నురగ మీదే కుప్పం వెళ్ళి, ఆదివారం సాయంత్రం తిరిగివస్తూ పుంగనూరు బస్టాండులో దిగాను. అప్పటిదాకా బస్సు కమ్మీ పట్టుకునే నిలబడ్డాను. నాకంటే ముందు దాన్ని పట్టుకున్న సమస్త ప్రజానీకం తాలూకు సారమంతా నా అరచేతుల్లోకి దిగి ఉంటుంది. బజ్జీల బండి మస్తాన్ భాయ్ ప్లేటు అందించబోతూ ఆగాడు.

“బకెట్లో నీళ్ళుండాయి, సబ్బుండాది. చెయ్యి కడుక్కోప్పా.”

“చూడు భాయ్, అద్దం మాదిరి ఉండాయి చేతులు.”

“అద్దమైనా దినానికొకసారి తుడవాల గదప్పా.”

నేను కుప్పం కలలోంచి బయటికి వస్తే కదా వినడానికి. మిరపకాయ బజ్జీలు ప్లేటు మీద ప్లేటు తిన్నాను. వేళ్ళు కూడా నాకాను. చెప్పేవి సబ్బునీతులు, తినేవి బస్టాండు బజ్జీలు.

సోమవారం పొద్దున హార్సిలీ కొండ మీద మంచు ఇంకా దుప్పటి తియ్యలేదు. నేనూ సగం కలలోనే పిల్లల చేతులు చూసుకుంటూ వచ్చి, ఐదో తరగతి రెడ్డెమ్మ దగ్గర ఆగిపోయాను. మేడం ముందు చేతులు కడిగి చూపించాల్సింది ఆ పిల్లే. వారం రోజులుగా నీళ్ళు లేకపోయినా గాలిలోనే చేతులు రుద్దుకుంటూ తిరిగింది. ఇప్పుడా అరచేతులు దోసెపెనం అడుగులా నల్లగా, పచ్చగా ఉన్నాయి.

“ఏంది పాపా ఇది?”

“టమాటా చెట్ల పసురు సార్. నిన్న మా తోటలో కాయలు కోసినాం.”

“కడుక్కోకుండా యాల వచ్చినావు?”

“కడిగినా సార్. మా యమ్మ గూడా రుద్దింది. సబ్బుకు పోదు అది.”

“సబ్బుకు పోని మురికి ఈ లోకంలో ఉండాదా?”

“ఉండాది సార్,” అని సాక్ష్యానికి చేతులు ఇంకోసారి చూపించింది.

“నువ్వు వెనకాల నిలబడు. నేనే కడిగి చూపిస్తా.”

ఆ పిల్ల మొహం వాడిపోయింది. నా కళ్ళు కుప్పంలో ఉన్నాయి కాబట్టి నాకు కనబడలేదు. అంతటితో ఆగానా? కుళాయి దగ్గరివీ, మరుగుదొడ్డిలోదీ, బడిలో ఉన్న సబ్బులన్నీ తెప్పించి, బల్ల మీద గోపురంలా పేర్పించి, చుట్టూ బంతిపూల దండ వేయించాను. “మేడం వచ్చి పోయేదాకా ఎవరూ ముట్టుకోగూడదు,” అని శాసనం చేశాను.

మేడం వచ్చారు. ప్రసంగం అందుకున్నాను.

“పిల్లలూ, చేతులు కడుక్కోకుండా తింటే ఏమవుతాది?”

“కడుపు నొస్తాది సార్.”

సరిగ్గా అప్పుడే నొచ్చింది. పుంగనూరు గిత్తలు పొట్టివని అంటారు గానీ, లోపల కుమ్ముకునేటప్పుడు ఆ ఊరి బజ్జీలకు ఆ సంగతి గుర్తున్నట్టు లేదు.

“ఇంకా ఏమవుతాది?” అని నోరు అడిగేసింది, వద్దు వద్దని కడుపు మొత్తుకుంటున్నా.

“భేదులవుతాయి సార్.”

పిల్లల మాట ఇంత వెంటనే విన్న అయ్యవారు మా మండలంలో మరొకరు లేరు. ఒకటే పరుగు.

మరుగుదొడ్డి తలుపు గడియ పడ్డాక, బయటినుంచి మేడం గొంతు వినిపించింది. “సారు లేకుంటే ఏం. చేతులు కడిగేది మీలో ఎవరికి వస్తాది?”

“రెడ్డెమ్మకు మేడం. కానీ ఆ పాప చేతులు మురికంట.”

“ఏదీ చూపించు. ఇది టమాటా పసురు గదమ్మా. మా ఇంట్లో అందరి చేతులూ ఇట్లే ఉంటాయి. ఇందా సబ్బు, కడుగు నువ్వు.”

కాసేపటికి చప్పట్లు. ఆ తర్వాత కిటికీ చువ్వల అవతల సబ్బు బుడగలు. ఒక్కొక్కటే ఎండలో రంగులు మార్చుకుంటూ, తొందరేమీ లేనట్టు తేలిపోతున్నాయి. ఒక్కో బుడగలో ఒక చిన్న కుప్పం, అందులో ఒక చిన్న ప్లాట్‌ఫారం, దాని మీద గొడుగు వేసుకుని నా భార్య. నేను ఎక్కడ కూర్చున్నానో కూడా మరిచిపోయి చూస్తుండిపోయాను. చివరి బుడగ చువ్వకు తగిలి పగిలింది. అప్పుడు సబ్బు కోసం చెయ్యి చాచాను.

సబ్బుపెట్టె ఖాళీ. నా శాసనం అంత పకడ్బందీగా అమలైంది.

“ఎవరన్నా ఉండారా,” అన్నాను సన్నగా. “ఒక సబ్బు కావాల.”

“సబ్బులు ముట్టుకోవద్దంటిరి గద సార్.” రెడ్డెమ్మ గొంతు.

“నేనే చెప్తాండా గద. తే తల్లీ.”

“మేడం పోయేదాకా అంటిరి. మేడం ఇంకా పోలేదు సార్.”

“నేనేమీ అనుకోనులే పాపా,” అంది మేడం గొంతు, చానా దగ్గరనుంచి. “ఇచ్చెయ్ ఆయనకు.”

తలుపు ఓరగా తీశాను. సందులోంచి ఒక చెయ్యి వచ్చింది. నల్లగా, పచ్చగా, నీళ్ళలో నాని ముడతలు పడిన చిన్న చెయ్యి. అందులో ఆకుపచ్చ సబ్బు, దానికంటుకుని ఒక బంతిపూరేకు. మా ఇద్దరి చేతుల్లో మురికిది ఏదో ఆ క్షణాన నాకూ తెలుసు, నా కడుపుకూ తెలుసు.

బయటికొచ్చి, సిగ్గును తువ్వాలుతో తుడుచుకుని అడిగాను. “మేడం, నా కుప్పం బదిలీ...”

“వచ్చే ఏడు చూద్దాంలేప్పా,” అన్నారు మేడం, నన్ను పైనుంచి కిందికి చూసి. “ఇప్పుడు రాసిచ్చినా, కుప్పందాకా పొయ్యే బస్సును నీకోసం ఎన్నిచోట్ల ఆపుతారు?”

జవాబు చెబుదామని నోరు తెరిచాను. కడుపే చెప్పింది. మళ్ళీ పరుగు. ఈసారి సబ్బు వెంట తీసుకుపోయాను.

కనుక ఆ వేపాకు సబ్బు సాక్షిగా, మస్తాన్ భాయ్ బాండలి సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. పిల్లల చేతులు చూసే ముందు నా చేతులు వాసన చూసుకుంటాను. గడియ వేసే ముందు సబ్బుపెట్టె చూసుకుంటాను. బజ్జీల బండి దగ్గర నిలబడి కుప్పం గురించి కలగనను. ఆపుకోలేక కనాల్సివస్తే, చేతులు కడుక్కున్నాకే కంటాను.