తలుపు ఎయ్యకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెద్ద రోగాన్ని పేరుపెట్టి పిలిచేవారు కాదు. నేత నేయడానికి మగ్గం గుంతలోకి దిగలేక మంచం పట్టిన మా తాతయ్యకు కడుపులో క్యాన్సర్ ముదిరిందని, ఇక తగ్గదని దవాఖానలో చెప్పింది మా నాన్నకే. ఆయన ఇంటికొచ్చి అందరి నోళ్లూ కట్టేశాడు. తాతయ్య అడిగితే వేడి చేసిందనేవాళ్లం. నాయనమ్మ మజ్జిగ తాగించి, వంటింట్లోకి వెళ్లి కొంగుతో కళ్లు తుడుచుకునేది. ఆయన నిద్ర చెడుతుందని మగ్గం కూడా ఆపేశారు.

నొప్పికి సూది వేయడానికి ఆ దవాఖాన నుంచి ఇంగ్లాండు నర్సమ్మ ఒకావిడ ఇంటికి వచ్చేది. తెలుగు బాగానే నేర్చుకుంది. వాళ్ల దేశంలో రోగం సంగతి ముందు రోగికే చెబుతారట, అదీ ఒంటరిగా. ఒకరోజు ఆమె మమ్మల్నందరినీ బయటికి పంపి తలుపు వేయబోయింది. నాన్న గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. చెబితే మనిషి దిగులుతోనే పోతాడని ఆయన భయం. చెప్పకపోతే మోసమని ఆమె పట్టుదల. ఇద్దరూ లోపలికొచ్చి మంచానికి చెరోపక్క నిలబడి వాదించుకుంటుంటే తాతయ్య మంచం పట్టెను గట్టిగా చరిచాడు.

"సచ్చేది నేను. పంచాయితీ మీదా?" అని, నర్సమ్మ వైపు తిరిగాడు. "నాకు ఎరుకే బిడ్డా. చెప్పు. కని తలుపు ఎయ్యకు. ఇంటినిండ మందిని పెట్టుకొని ఒక్కన్నే ఎందుకు వినాలె? అందర్ని కూసోబెట్టి చెప్పు."

ఆమె చెప్పింది. నాన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తాతయ్య ఆయన వీపు నిమిరి, మజ్జిగ చాలు, చాయ్ పొయ్యమన్నాడు. మగ్గం నడపమన్నాడు. పోయేదాకా ఆ చప్పుడు వింటూనే ఉన్నాడు.

నేనూ నర్సునయ్యాను. ఇంగ్లాండులో చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే హాస్పిస్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. అక్కడ రోగి గదిలోకి చుట్టాలందరినీ రానిచ్చానని పెద్ద సిస్టర్ మందలించేది. ఇప్పుడు హనుమకొండలో పనిచేస్తుంటే రోగుల కొడుకులు నన్ను వరండాలోకి పిలిచి, "మా బాపుకు చెప్పకు సిస్టరమ్మా" అంటారు. నేను ఆ పెద్ద సిస్టర్ మాటా వినలేదు, వీళ్ల మాటా వినను. కోప్పడితే పడనీ. కుర్చీలు నేనే లాక్కొచ్చి వేస్తాను. తలుపు బార్లా తెరిచిపెడతాను. మంచం మీది మనిషి ముఖం చూసి, ఎవరెవరిని కూర్చోబెట్టమంటారని ముందు ఆయన్నే అడుగుతాను.