తెర మీద టోకెన్ నంబరు

"అమ్మా, టీవీకి జరమొచ్చింది."

మూడేళ్ల మా బాబు ప్లాస్టిక్ స్టూలెక్కి, తెర మీద రెండు అరచేతులూ ఆనించి ఈ మాటన్నాడు. నవ్వుతూనే వెళ్లి నేనూ తాకి చూశాను. పొయ్యి మీంచి దించి కాసేపైన పెనంలా ఉంది. వాణ్ణి కిందికి దించబోతూ నేల వైపు చూశాను. టీవీకి సరిగ్గా కింద, పొద్దున్నే తుడిచిన నల్లబండ మీద, తెల్లటి పొడి ఓ గీతలా పడి ఉంది. వేలితో అద్ది చూస్తే సున్నం, కాస్త ఎర్రమట్టి. తలెత్తితే గోడకూ, టీవీ వేలాడుతున్న ఇనుప స్టాండుకూ మధ్య నా గోరు దూరేంత సందు.

వాణ్ణి ఎత్తుకుని గుమ్మం దాకా వెనక్కి నడిచాను. వాడు రోజూ కార్లు పెట్టుకుని ఆడుకునేది ఆ బండ మీదే. చల్లగా ఉంటుందని నేనే అక్కడ కూర్చోబెట్టేదాన్ని.

నాకు ప్రతిదానికీ భయమే. పడుకునే ముందు గ్యాస్ రెగ్యులేటర్ రెండుసార్లు చూస్తాను. పిల్లలు దగ్గితే లేచి కూర్చుంటాను. ఆ టీవీని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. ఎందుకంటే దాన్ని బిగించింది మా అన్న.

నాపరాళ్ల క్వారీలుండే తాండూరులో అన్నకు టీవీలు బాగుచేసే షాపుంది. ఏటా రాఖీకి నేనే వికారాబాద్ నుంచి రైల్లో పుట్టింటికి వెళ్లేదాన్ని. ఈసారి బాబుకు ఒళ్లు బాగాలేదని ఆగిపోతే, అన్నే ట్రాలీ ఆటోలో పెద్ద అట్టపెట్టె వేసుకుని వచ్చాడు. పెట్టె మీద ఎల్‌సీడీ అని అచ్చేసి ఉంది. రాఖీ కట్టించుకుని, "షోరూంల చూపెట్టనీకె పెట్టిన పీసు చెల్లే, కొత్తదే. నీ కోసమని పట్టిపెట్టిన," అన్నాడు. దాన్ని గోడ దాకా ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.

మా ఆయన గడప మీద నిలబడి, "ఏం బావా, షాపుకెల్లి తెచ్చినవా, క్వారీకెల్లి తెచ్చినవా?" అన్నాడు.

"క్వాలిటీ మాల్ బావా. జర బరువుంటది."

అందరం నవ్వాం. పెళ్లయిన ఎనిమిదేళ్లలో మా పుట్టింటి నుంచి ఈ ఇంటికి అంత పెద్ద వస్తువు రాలేదు. మా అత్తమ్మ ఫోను చేసినప్పుడల్లా ఏదో ఒక మాటలో దాన్ని ఇరికించేదాన్ని. మా అన్న ఇచ్చిన టీవీలో చూశాం అత్తమ్మా, అని.

అసలు నేను చదివింది బీఎస్సీ, భౌతికశాస్త్రం. ప్లాస్మాకూ ఎల్‌సీడీకీ తేడా పరీక్షలో రెండు పేజీలు రాసి వచ్చినదాన్ని. ఎల్‌సీడీలో వెనక దీపం వెలుగుతుంటే ముందున్న పొర ఆ వెలుగును ఎక్కడికక్కడ ఆపుతూ, వదులుతూ బొమ్మ కడుతుంది. ప్లాస్మాలో వెనక దీపమంటూ ఉండదు. వాయువు నింపిన సన్నటి గదులు లక్షల్లో ఉండి వాటికవే వెలుగుతాయి. అందుకే వేడి, అందుకే మందపాటి గాజు, అందుకే అంత బరువు. ఒకే బొమ్మ నెలల తరబడి కదలకుండా ఉంటే దాని మచ్చ తెరలోనే మిగిలిపోతుంది. ఇన్నీ రాసిన చేత్తో ఆ టీవీని రోజూ తుడిచాను. ప్లాస్మాలు చేయడం మానేసి ఏళ్లవుతోంది కదా, ఇంకా ఎవరింట్లో ఉంటాయన్న ఆలోచనే రాలేదు.

గుమ్మంలో నిలబడే ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. బాబును వరండాలో వాళ్లక్క దగ్గర వదిలి లోపలికి వచ్చి, తెర అంచున వేలితో నొక్కి చూశాను. ఎల్‌సీడీ అయితే వేలి చుట్టూ రంగులు నీళ్లలా కదలాలి. ఏమీ కదలలేదు. గట్టి అద్దం. తర్వాత కేబుల్ పెట్టె స్విచ్ ఆపాను. బొమ్మ పోయి తెరంతా నీలంగా మారింది. ఆ నీలంలో, పాత పలక మీద చెరిపిన రాతలా, అక్షరాలు కనిపించాయి.

టోకెన్ నంబరు. దాని కింద, వరుసలో కూర్చోండి.

అది మా ఇంటికి రాకముందు ఏ ఆసుపత్రి హాల్లోనో, ఏ ఆఫీసులోనో ఏళ్ల తరబడి వేలాడింది. నన్ను ఎక్కువ బాధపెట్టింది అది కాదు. ఏడేళ్ల మా పాప ఈ మధ్యే తెలుగు కూడబలుక్కుని చదువుతోంది. వానకు సిగ్నల్ పోయిన రోజు, "అమ్మా, టీవీల టోకెన్ అని రాసుంది," అంది. బొమ్మలే లేని తెర మీద రాతలేమిటి, అబద్ధాలు నేర్చావా అని కోప్పడ్డాను. రెండు రోజులకు మళ్లీ అంటే, కళ్లు పాడయ్యాయేమోనని భయపడి, టీవీ చూడకుండా వారం రోజులు కూర్చోబెట్టాను. కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని కూడా అనుకున్నాను.

అన్నకు ఫోను చేశాను.

"అన్నా, నువ్విచ్చింది ప్లాస్మా కదా?"

"ఏ, గట్లెవలన్నరు? బావ ఏమన్న అన్నడా?"

"ఎవలనలే. నాకే ఎరుకైంది."

"ప్లాస్మాల బొమ్మ మస్తుంటది చెల్లే. నలుపు నల్లగనే కనబడ్తది. నీ ఎల్‌సీడీల గట్లొస్తదా?"

అది నిజమే. చీకటి సీన్లు ఎంత బాగున్నాయోనని మేమే మెచ్చుకున్నాం.

"బొమ్మ సంగతి కాదన్నా. దాని బరువు నీకెరుకే గద. తేలికదానికి పెట్టే స్టాండు ఎందుకు బిగించినవ్?"

"పెద్ద స్టాండు తెస్తె నీకు అనుమానమొస్తుండె."

"దాని కిందనే నీ అల్లుడు కూసుంటడు."

"పడలేదు గద ఇంకా. ఎల్లుండొచ్చి మంచిగ బిగిస్త. జర బావకు చెప్పకు. ఇజ్జత్ పోతది."

పాతదే, ప్లాస్మానే ఇస్తున్నాను చెల్లే అంటే సంతోషంగా తీసుకునేదాన్ని. ఆ మాట చెప్పడం కన్నా నా పిల్లల నెత్తి మీద ఆ బరువు వేలాడదీయడమే అన్నకు సులువైంది. ఇప్పుడు ఆ దాపరికంలో నన్నూ కలవమంటున్నాడు.

మా ఆయన డ్యూటీ నుంచి రాగానే అంతా చెప్పాను. కింది వాటాలో ఉండే భాయ్‌ని పిలిచి ఇద్దరూ టీవీని పట్టి దించారు. "గిది టీవీ కాదమ్మా, తాండూర్ బండ," అన్నాడు భాయ్ ఆయాసపడుతూ. మాది మట్టితో కట్టి పైన సున్నం పూసిన పాత గోడ. స్టాండు పైమేకులు రెండూ మా ఆయన వేళ్లతో లాగితే మట్టితో సహా ఊడి వచ్చాయి. వాటిని అరచేతిలో పెట్టి నాకు చూపించాడు. దెప్పిపొడుస్తాడనుకున్నాను.

"నువ్వు మీ అన్నను నమ్మినవ్. నేను నిన్ను నమ్మిన," అన్నాడు. అంతే.

తెల్లారి పిల్లలు లేచేసరికి గోడకు నాలుగు బెజ్జాలు, మూలన దుప్పటి కప్పిన టీవీ. పాప బెజ్జాల వంక చూసి, "మామ మంచి టీవీ అన్నడు గద?" అంది. ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"మామ మనకు అబద్ధం చెప్పిండు బిడ్డా. నేను నమ్మిన. నువ్వు నిజం చెప్తే నిన్ను తిట్టిన. నీ కండ్లకేం కాలే, నువ్వు చదివింది సరిగ్గనే చదివినవ్. ఇంకోసారి ఏమన్న కనబడితే, నేను కాదన్నా ఊకోకు. నా చెయ్యి వట్టుకొని తీస్కపోయి చూపెట్టు. తమ్మునికి వేడనిపించినా, నీకు రాత కనిపించినా, ముందుగాల నేను లేచొస్త."