బొచ్చు మొలిచిన విలాయతి సైకిల్

ముందే ఒక మాట. చాయ్ నోట్ల ఉన్నప్పుడు నవ్వితే ముక్కుల నుంచి వస్తది, తర్వాత నన్ను అనొద్దు. మింగినంకనే వినుండ్రి. ఆ మధ్య మగ్గాల సుట్టీ నాడు, ఆదివారం, నేనొక సైకిల్‌కు బొచ్చు మొలిపించిన. అవును, బొచ్చే. గొర్రెకు ఉంటది చూడు, అట్లాంటిది. దాన్ని చూడనీకి షోలాపూర్ జోడ్‌భావి పేట్‌ల మా గల్లీ మొత్తం వచ్చింది. ఆదివారం టీవీల సీరియల్ నడుస్తుంటే సగంల లేచి వచ్చిన్రంటే చూసుకోండ్రి.

నా పిచ్చి మీకు తెలిసిందే కదా. పొద్దంత పవర్‌లూమ్ మీద చద్దర్లు నేసుడు, చెయ్యి ఖాళీ అయితే పాత సామాన్లు అమ్మే జూనా బజార్ల తిరుగుడు. పాత విలాయతి సైకిల్ ఏదన్న తుప్పు పట్టి పడున్నదంటే నా కాళ్లు ఆగవు. తెచ్చి, విప్పి, గ్యాస్‌నూనెల, అదే కిరోసిన్ల, నానబెట్టి, బేరింగులు మార్చి, రంగేసి మల్ల అమ్ముత. లాభమెంత అని మాత్రం అడగకుండ్రి, ఆ ముచ్చట మా ఇంట్ల కూడా బంద్. కానీ తుప్పు గీకుతుంటే కింద నుంచి తెల్లగ ఇనుము బయటికొస్తది చూడు, అప్పుడు నాకయ్యే సంతోషం ఇంక దేంట్ల లేదు.

మా లచ్చిమికి ఆ సంతోషం అర్థం కాదు. ఆమె బీడీలు చుడ్తది. మా ఇంటికి ఉన్నదే ఒక్క కిటికీ. వెలుతురు పడేది ఆ మూలకే. ఆ మూల నిండ నా ఫ్రేములు, మడ్‌గార్డులు, చక్రాలు. ఆమె పాపం గడప కాడ కూసొని, వచ్చేటోళ్ల పోయేటోళ్ల కాళ్లు తప్పించుకుంట చుడ్తది. ఒకనాడు గోడకు ఆనిచ్చిన హ్యాండిల్ జారి సక్కగ తంబాకు చాటల పడ్డది. చాట బోర్లపడ్డది. ఆమె ఏం అరవలే. తంబాకు ఎత్తుకుంటనే నెమ్మదిగ చెప్పింది.

"ఇగో, ఇప్పుడు చేస్తున్న ఈ సైకిల్ అమ్మి చూపియ్యి. అమ్ముడువోయిందా, నీ పని నువ్వు చేసుకో, నేను నోరెత్తను. పోలేదనుకో, ఈ మూలంత ఊడ్చి పాత ఇనుము కొనే భంగార్ బండికి ఎక్కిస్త. నీకు చెప్పి కూడా ఎక్కియ్య."

ఆమె అరిస్తే నాకు భయం లేదు. నెమ్మదిగ చెప్తేనే భయం. ఎందుకంటే అట్ల చెప్పింది చెయ్యకుంట ఇడువదు.

దేవుడు ఉన్నడు, గిరాకి దొరికిండు. హోట్గి రోడ్డు కాలనీల ఉండే జోషి సార్. కాలేజీల లెక్కలు చెప్తడు. డాక్టర్ స్కూటర్ ఇడువుమన్నడట, సైకిల్ తొక్కుమన్నడట. వచ్చి చూసిండు, మెచ్చుకున్నడు. పోతపోత ఒక షరతు పెట్టిండు.

"మల్లేశం, రంగు నల్లగ, అద్దం లెక్క ఉండాలె. నా మొఖం నాకు కనబడాలె. ఆదివారం సాయంత్రం వస్త. అప్పటికి కాకపోతే దుకాణంల కొత్తది కొనుక్కుంట. సోమవారం నుంచి తొక్కాలె, బస్."

రంగు అంత వేసిన, ఆఖరి కోటు ఒక్కటి మిగిలింది. అసలు పని ఆ కోటుతోనే. అది వేసినంక ఎండేదాక దాని మీద ఒక్క నలుసు పడొద్దు. ఇంట్ల వేద్దామంటే గల్లీ దుమ్ము. మగ్గాల షెడ్డుల వేద్దామంటే దూది బూరు. మగ్గం నడుస్తుంటే గాలి నిండ అదే కదా. మన మీసాల మీద అదే, టిఫిన్ డబ్బాల అదే. అందుకే హుషారు పని చేసిన. ఆదివారం మగ్గాలు నడవయి, షెడ్డు ఖాళీ, తాళంచెవి నా దగ్గరనే ఉన్నది. నా అసుంటి తెలివైనోడు షోలాపూర్ల ఉన్నడా అనుకుంట పొద్దుగాలనే పోయిన.

షెడ్డు ఊడ్చిన. నీళ్లు చల్లిన. మగ్గాలు తుడిచిన. కిటికీలు మూసిన, తలుపు కింది సందుకు గుడ్డ కుక్కిన. ఆపరేషన్ చేసే డాక్టర్ కూడా అంత శుద్ధి చేసుకోడు. నడిమిట్ల స్టాండు మీద ఫ్రేమ్ నిలబెట్టి, ఊపిరి బిగబట్టి కోటు వేసిన. ఎంత బాగ వచ్చిందనుకున్నరు! అండ్ల చూసుకుంట మీసం కూడా దువ్వుకున్న.

కానీ కిటికీలు మూసినంక గాలేది? నాకేమో చెమటలు, రంగేమో ఎండదు. కొస మీద వేలు పెట్టి చూస్తే అంటుకుంటున్నది. మల్ల కొంచెం సేపాగి చూస్తే మల్ల అంటుకుంటున్నది. పొద్దు ఎక్కుతున్నది. సాయంత్రం సార్ వస్తడు, సార్ వెనక భంగార్ బండి వస్తది. అగో, అప్పుడు నాకు గోడ మీద స్విచ్చు కనబడ్డది.

మా షెడ్డు లోపల, నెత్తి మీద ఒక ఫ్యాను ఉన్నది. కరెంటు బిల్లుకు భయపడి మా శేట్ దాన్ని ఎండకాలంల కూడా వెయ్యనియ్యడు. అది తిరుగంగ నేను చూసింది లేదు. ఈయాల శేట్ లేడు కదా అనుకున్న.

ఇంక ఇక్కడ మన కులపు తప్పు ఒకటి చెప్పాలె. నేతోని కన్ను ఎప్పుడూ కిందికే ఉంటది. పోగు యాడ తెగింది, కండెల నూలు అయిపోయిందా, అంచు సక్కగ వస్తున్నదా, ఇదే లోకం. నేను ఆ షెడ్డుల పెండ్లికి ముందు నుంచి పని చేస్తున్న, ఒక్కనాడన్న తలెత్తి మీదికి చూసిన్నా? చూడలే. నేల మొత్తం నాకినట్టు తుడిచిన కానీ మీద రేకుల కింద, దూలాల మీద, ఆ ఫ్యాను రెక్కల మీద ఎన్నేండ్ల దూది కూసున్నదో నా మతికే రాలే.

స్విచ్చు వేసిన. ఫ్యాను ముందు మూలిగింది. తర్వాత కదిలింది. తర్వాత పెండ్లిల అక్షింతలు పడ్డట్టు పడ్డది. ముందు రెక్కల మీదిది, ఆ గాలికి దూలాల మీదిది, రేకులది, బూజుతో సహా. నేను ఉరికి బంద్ చేసే లోపల పెండ్లి అయిపోయింది. పచ్చి రంగు మీద పడ్డ దూది పడ్డట్టే అంటుకున్నది. నల్ల సైకిల్ తెల్లగ, మెత్తగ, బొద్దుగ నిలబడి నన్ను చూస్తున్నది.

అక్కడికి ఆగితే బాగుండు. ఆగుతనా? వేళ్లతో పీకిన. దూది రాలే, వేలిముద్రలు వచ్చినయి. తడి తువ్వాలతో తుడిచిన, మెత్తటిది కాస్త కంబళి అయింది. గ్యాస్‌నూనె పోసిన. రంగు కరిగి, దూది నాని, మాడిన జావ లెక్క కారబట్టింది. ఆ జావల చేతులు పెట్టి నేను నిలబడ్డప్పుడు షెడ్డు పక్కింటి ఎల్లయ్య మామ తలుపు తోసిండు. ఫ్యాను మూలుగుడు విని, శేట్‌కు తెలియకుంట ఎవడు వేసిండని చూడవచ్చిండు.

చూసిండు. వెనక్కి తిరిగి గల్లీలకు కేకేసిండు. "అరే, రాండ్రి రాండ్రి. మల్లేశం సైకిల్‌కు చలి పెడుతున్నదట, స్వెట్టర్ తొడిగిండు."

ఇంకేమున్నది. సీరియల్ ఇడిసి అందరు వచ్చిన్రు. ఒకరు కత్తెర తెమ్మంటరు, ఒకరు పాలెన్ని ఇస్తదంటరు. ఆ గుంపుల నుంచే "జరా బాజూ వ్హా" అని మరాఠీల జరుగుమనుకుంట ఒకరు ముందుకొచ్చిన్రు. జోషి సార్. సాయంత్రం పని పడ్డదని ముందే వచ్చిండట.

"హే కాయ్, మల్లేశం? ఇదేంది?" అన్నడు.

మనిషికి ఆపదల అబద్ధం ఎట్ల పుట్టుకొస్తదో చూడుండ్రి. "స్పెషల్ ఫినిష్ సార్," అన్న. "చలికాలం థండీల ఇనుము చల్లగ తగలకుంట. విలాయత్‌ల అంత ఇదే చేస్తరట."

సార్ వేలితో ముట్టి చూసిండు. వేలికి జావ అంటింది.

అప్పుడు లచ్చిమి వచ్చింది. గుంపు పక్కకు జరిగింది. సైకిల్‌ను చూసింది, నన్ను చూసింది. నా పని అయిపోయింది, బండి పిలుస్తది అనుకున్న. ఆమె సార్ దిక్కు తిరిగి తనకు వచ్చిన మరాఠీలనే చెప్పింది. "సాహెబ్, అబద్ధం. మేం నేతోళ్లం. ఈయనకు కిందికి చూసుడే తెలుసు, మీదికి చూసుడు రాదు. ఏది ముట్టినా చద్దరే అయితది. కానీ చక్రాలు చూడుండ్రి. అవి రాత్రులు కూసొని చేసిండు, వాటిల అబద్ధం లేదు."

ఇంట్ల నుంచి తువ్వాలల చుట్టిపెట్టిన చక్రం తనే తెచ్చి సార్ చేతిల పెట్టింది. సార్ ఇరుసు పట్టుకొని తిప్పిండు. చక్రం తిరుగుతనే ఉన్నది, సప్పుడు లేదు. గుంపు నవ్వుడు ఆపి చూసింది. నాకేమో కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఈ మనిషి నా పనిని ఎప్పుడు చూసిందని? చూస్తనే ఉన్నదన్నట్టు.

సార్ చక్రం ఆగేదాక చూసి నవ్విండు. "ఇంకొక వారం స్కూటరే నడుపుత. డాక్టర్‌కు చెప్పొద్దు. కానీ మల్లేశం, బొచ్చు తీసియ్యి."

ఆ వారమంత లచ్చిమే మేస్త్రి. బీడీ ఆకు మీద దుమ్ము పడొద్దని తడిగుడ్డ కప్పుడు ఆమెకు అలవాటే కదా. వంటింట్ల చుట్టూ తడి చీరెలు కట్టింది, పొయ్యి వాకిట్లకు తెచ్చింది, నడిమిట్ల ఫ్రేమ్ పెట్టించింది. నేను బొచ్చు గీకి, గరుకు కాగితం పెట్టి రుద్ది, మొదటి నుంచి మల్ల వేసిన. ఒక్క నలుసు పడలే. ఆదివారం జోషి సార్ వచ్చి, అండ్ల మొఖం చూసుకొని, గంట కొట్టుకుంట పోయిండు.

ఆయన మలుపు తిరిగేదాక లచ్చిమి గడప మీదనే నిలబడ్డది. తర్వాత అన్నది, "ఇంకొకటి తేపో."

నా చెవులను నేనే నమ్మలే. "ఇంకొకటా?"

"ఆ. నడిమి డండా లేనిది, ఆడోళ్లది. బీడీల గంప నెత్తిన పెట్టుకొని కంపెనీ దాక నడుసుడు ఇంక నాతోని కాదు."

"మరి అదెప్పుడు అమ్మాలె?"

"ఎందుకు అమ్ముతం?"

తెచ్చిన. చేసిన. ఎర్ర రంగు కావాలంటే ఎర్రదే వేసిన. ఇప్పుడు రోజు పొద్దుగాల ఆమె తొక్కుతది, నేను వెనక క్యారియర్ పట్టుకొని ఉరుకుత. ఇంకా బ్యాలెన్స్ రాలే, ఇడువనియ్యదు. మొన్నటిదాక హోట్గి రోడ్డు సార్లకు సైకిళ్లు అమ్మిన మొనగాన్ని. ఈయాల చూస్తే జోడ్‌భావి పేట్‌ల చెప్పులు అరిగినోన్ని నేనొక్కన్నే.