మిషనక్క నూనె చుక్క

వీధిలో అందరూ ఆమెను మిషనక్క అనే పిలుస్తారు. కుట్టుమిషన్లు బాగుచేయడం ఆమె పని. కిర్రుమన్న ప్రతిదానికీ నూనె వేస్తుంది. పక్కింటివాళ్ల గేటుకీ వేస్తుంది, వాళ్లు అడక్కపోయినా సరే! తను బాగుచేసిన మిషను తిరిగి దుకాణానికొస్తే ఆ పూట ఆమెకు ముద్ద దిగదు. అంత పౌరుషం మనిషికి.

తమ్ముడిది ఎలక్ట్రానిక్ సంగీతం. కంప్యూటరులో స్వరాలు పేర్చి, దానికి తగిలించిన పెట్టెమీది మీటలు తోస్తూ వాటిని పెంచి తగ్గించి అప్పటికప్పుడు పాట కడతాడు. అలాంటివాడి కుడిచేతిని వణుకుడు జబ్బు పట్టుకుంది. బజారులో దొరికే పెట్టెలకు మీటలు మరీ చిన్నవి. ఒకటి తోయబోతే పక్కది కదిలేది.

"ఇంక చాలక్కా, అన్నీ అమ్మేస్తా," అన్నాడొకరోజు.

"నోర్ముయ్! నీ చేతికి సరిపోయే పెట్టె నేను చేస్తా."

అన్నట్టే చేసింది. పాత మిషను చెక్కతో పెట్టె కట్టింది. అరచేత్తో తోయగలిగేంత పెద్ద పిడులు తొడిగింది. లోపల చిన్న బోర్డు పెట్టి వైర్లు తనే అతికింది. మిషను మోటార్లకు అతికిన చెయ్యేగా! ఇలాంటి పెట్టెను మిడి కంట్రోలరంటారు, దీనికి సొంత గొంతేమీ ఉండదు. మీట ఎంత జరిగిందో అంకెగా మార్చి కంప్యూటరుకు చెబుతుంది, పాడేది కంప్యూటరే. మూత బిగించే ముందు మీటలు కాస్త గరుగ్గా తగిలాయి. ఇంకేముంది, చెయ్యి దానంతటదే నూనె డబ్బా మీదికి పోయింది. మీటకో చుక్క వేసింది.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఆ తర్వాత, స్వరాన్ని మెల్లగా పెంచబోతే అమాంతం లేచి ఠక్కున పడిపోవడం మొదలైంది. తమ్ముడు ఎన్నిసార్లు తోసినా అంతే. చివరికి చేతిని ఒళ్లో పెట్టుకుని పరాయివాడిదన్నట్టు చూశాడు.

"నీ పెట్టె మంచిదే అక్కా. జబ్బే ముదిరింది. నా పని అయిపోయింది."

లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

అక్క కంప్యూటరు ఆపుదామని వంగేసరికి తెరమీద అంకె గెంతుతూ కనబడింది. మీటమీద ఎవరి చెయ్యీ లేదు! గబగబా మూత విప్పింది. మీట అడుగున, అది ఎంత జరిగిందో కొలిచే నల్లపూత నూనెకు నాని జిడ్డుగా వేలికి అంటుకుంది.

గుట్టుగా మీటలు మార్చేస్తే ఎవరికీ తెలియదు. తన పేరూ నిలుస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తనమీద ఒళ్లు మండింది. పోయి తలుపు తట్టింది.

"ఒరేయ్, నీ చెయ్యి కాదురా. నూనె. నేనే వేశా."

"నూనా? దీనికెవరన్నా నూనె వేస్తారా?" తమ్ముడు నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే ఏడుపైంది. "నా చెయ్యి చచ్చిపోయిందనుకున్నానక్కా!"

నోటికొచ్చినట్టు తిట్టాడు. ఎప్పుడూ ఒకరి మాట పడని మనిషి, తలొంచుకుని నిలబడింది.

కొత్త మీటలు బిగించింది, నూనె డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసి మరీ. తమ్ముడు తోశాడు. స్వరం నిదానంగా లేచింది. పైకి చేరాక సన్నగా వణికింది.

"ఇదీ నూనేనా అక్కా?"

అవునంటే పోయేదేముంది? ఇంకో నాలుగు రోజులు ఆశతో ఉంటాడు.

"కాదురా. ఇది నీ చెయ్యే."

"ఇంతేనా మరి," అన్నాడు. మీటను కిందికి లాగి, మళ్లీ మొదటినుంచి తోశాడు.