ఆరని పచ్చ లైటు

విమలకు నోరు మూసుకుని ప్రార్థన చేయడం చేతకాదు. కాశిబుగ్గలో ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. గోడలకు చెవులుంటాయని ఎవరైనా అంటే, దేవుడికీ ఉన్నాయి కదా అనేది. పొద్దున్నే భర్త ఏలియా టైలరింగ్ దుకాణానికి బయలుదేరగానే లాప్‌టాప్ తెరిచి, సంఘం స్త్రీలందరినీ వీడియో కాల్‌లో కలిపి ప్రార్థన నడిపించేది. వాళ్ల కష్టాలన్నీ అయ్యాక కాల్ ముగించేది. తన కష్టం మాత్రం ఆ తర్వాతే, అక్కడే మోకాళ్ల మీద, బిగ్గరగా.

ఆ రోజూ అంతే. రొమ్ములో చేతికి తగులుతున్న గడ్డ గురించి దేవుడికి మొరపెట్టుకుంది. వాళ్లమ్మ అలాంటి గడ్డతోనే దవాఖానకు వెళ్లి తిరిగి రాలేదు. అందుకే ఈ సంగతి ఏ మనిషికీ చెప్పలేదు, కట్టుకున్న ఏలియాకు కూడా. ఆమేన్ అని కళ్లు తెరిస్తే కెమెరా పక్కన పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.

విమల పై ప్రాణాలు పైనే పోయాయి. తెర మీద ఒక్క ముఖమూ లేదు, అయినా లైటు ఆరదు. ఆడబిడ్డ మొగిలమ్మ కూడా ఆ కాల్‌లో ఉండింది. ఆమె చెవిన పడితే మధ్యాహ్నానికి వాడంతటికీ తెలుస్తుంది, సాయంత్రానికి ఏలియా తనను దవాఖానకు ఈడ్చుకెళతాడు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, మడికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే చెల్లెలి కూతురు ఏంజెల్‌కు ఫోన్ చేసింది.

"కాల్ కట్ చేసిన బిడ్డా, గని లైట్ ఆరుతలేదు. నేను మాట్లాడింది అందరు విన్నరా?"

ఏంజెల్ నాలుగు ప్రశ్నలు వేసి తేల్చి చెప్పింది. "ఫికర్ చేయకు పెద్దమ్మా. కాల్ అప్పుడే కట్టయింది, ఎవ్వలు వినలే. ఆ పేజీ కెమెరాను, మైకును వదిలిపెట్టలేదు, అంతే. ట్యాబ్ మూసెయ్, ఆరిపోతది."

మూసింది. లైటు ఆరింది. ఎవ్వలు వినలే అని పైకే అనుకుంది. ఆ నోటికి బుద్ధి ఎప్పుడొస్తుందో.

తిరిగి చూస్తే గుమ్మంలో ఏలియా. దుకాణం తాళంచెవి చేతిలోనే ఉంది.

"వాళ్లు వినలే. తలుపవతల నిలబడి నేనే రోజూ వింటాన్న," అన్నాడు. "అడుగుదామంటే నాకు భయమైతాంది, విమలా."

ఏలియా తాళంచెవిని మేకుకు తగిలించి, విమల చెప్పులు తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. వాటిలో కాళ్లు పెట్టడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.