మా నాయిన తోలిన బండి

నా చిన్నప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లలో బండి పందెం అంటే మా నాయిన పేరే చెప్పాలి. చెప్పాలి అంటున్నాను గానీ ఎవరూ చెప్పేవారు కాదు. పటేల్ బండి గెలిచింది అనేవారు. పటేల్ ఎడ్లు గెలిచాయి అనేవారు. ఎడ్లకు దక్కిన పేరు కూడా వాటిని తోలిన మనిషికి దక్కలేదు. ఈ సంగతి మొదలుపెడితే నా గొంతు పెరుగుతుందని నా మనవరాలు నవ్వుతుంది. పెరగనీ. డెబ్బై దాటిన దాన్ని, ఇప్పుడు కూడా మెల్లగా మాట్లాడమంటే నా వల్ల కాదు.

మాది రామన్నపేట పోయే బాటలో ఒక ఊరు. ఊరు ఒక దిక్కు, మా వాడ ఒక దిక్కు. మా వాడవాళ్లను ఊళ్లోవాళ్లు ముట్టుకునేవారు కాదు. మేము కోసిన జొన్నకు, మేము మోసిన గడ్డికి, మేము తోలిన బండికి మాత్రం ఆ అంటు ఉండేది కాదు, అవన్నీ నేరుగా వాళ్ల వాకిట్లోకి పోయేవి. మా నాయిన ఊరి పెత్తందారు పటేల్ దగ్గర జీతగాడు. జీతగాడంటే ఏడాది పొడుగునా వాళ్ల చేను, వాళ్ల కొట్టం, వాళ్లు చెప్పిన పని. మా ఇంటికి వచ్చేది తినడానికీ పడుకోవడానికే.

పందెం తోలడం ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి పటేల్ పశువులను కాశాడు. కొంచెం ఎదిగాక ఎరువు బండి వెనక నడిచాడు, తర్వాత ఎరువు బండి తానే తోలాడు, ఆ తర్వాత పల్లికాయ బస్తాలు రామన్నపేట అంగడికి వేసుకుపోయే బండి ఆయన చేతికి వచ్చింది. అంగట్లో బస్తాలు దించాక ఖాళీ బండ్లు వరసగా తిరిగి వచ్చేటప్పుడు బండ్లవాళ్లు సరదాకు ఒకరిని ఒకరు దాటేవారట. అందులో ముసలి ఎడ్లు కట్టిన మా నాయిన బండే ముందు ఊరు చేరేది. ఆ మాట పటేల్ చెవిన పడింది. మరుసటి ఏడు జాతరకు మంచి జత ఎడ్లను కొని పగ్గాలు మా నాయిన చేతికి ఇచ్చాడు. అదీ ఆయన పందెగాడైన తీరు.

ఆయన ముల్లుకట్టె పట్టేవాడు కాదు. ఎక్కుడు వస్తే ముందుకు నొగల మీదికి జరిగేవాడు, దిగుడు వస్తే వెనక్కి జరిగేవాడు. అట్లా జరిగితే ఎడ్ల మెడలకు బరువు సమంగా ఉంటుందని మాకు చెప్పేవాడు. నోటితో ఒక కూత వేసేవాడు, ఆ కూత వింటే ఆ రెండు ఎడ్లూ చెవులు వెనక్కి పెట్టి మెడలు చాచేవి. పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన మా నాయినను తన దగ్గరికి పంపమని కబురు మీద కబురు పెట్టాడు. పటేల్ నవ్వి ఊరుకున్నాడు. మా నాయినను అడిగినవాళ్లు లేరు. ఎడ్లను అమ్ముతావా అని అడిగినట్టే ఆయన సంగతీ అడిగారు, అమ్మనన్నట్టే జవాబు పోయింది.

మా ముత్యాలమ్మ జాతర పందేనికి ఒక కట్టుబాటు ఉండేది. పందెం కోసమని చేయించిన తేలిక బండ్లు పనికిరావు. ఆ ఏడు చేన్లకు ఎరువు తోలిన బండే రావాలి, సేద్యం చేసిన ఎడ్లే రావాలి. జాతరకు ముందు పెద్దమనుషులు బండి పలకల సందుల్లో వేలు పెట్టి చూసేవారు. ఎరువు కనపడితేనే బండికి పందెంలో జాగా. వాగు ఒడ్డు నుంచి బయలుదేరి ఎర్రమట్టి బాట మీద కోసెడు దూరం పరుగెత్తి ఊరి పొలిమేరలో ఉన్న అమ్మ గుడి ముందు ఆగాలి. ముందు వచ్చిన బండి మీద ఉన్న మనిషికి కుమ్మరి అవ్వ ఎదురుపోతుంది. మా దగ్గర ముత్యాలమ్మ పూజ కుమ్మరోళ్లదే. ఆమె అమ్మ కుండలోని నీళ్లలో తెల్లగుడ్డ తడిపి గెలిచినవాడి మొఖం తుడిచి, నుదుట బండారి పెడుతుంది. బండారి అంటే అమ్మవారి పసుపు. అది ఎవరి నుదుట పడితే వాళ్ల పేరు డప్పు మీద ఊరంతా చాటుతారు.

ఇప్పుడు పటేల్ చేసే పని వినండి. పొద్దున్నే తానం చేసి, చాకలి తెచ్చిన మడతబట్టలు కట్టుకొని, గుడికి కొంచెం ఇవతల నీడన కుర్చీ వేయించుకొని కూర్చునేవాడు. మా నాయిన అందరికంటే ముందు దుమ్ములోంచి బండి తెచ్చి ఆయన ముందు ఆపాలి. ఆపి దిగాలి. పటేల్ తన అల్లుడి చెయ్యి పట్టుకొని బండి ఎక్కుతాడు. మా నాయిన ఎడ్ల ముందుకు వచ్చి పగ్గం పట్టుకొని గుడి దాకా నడిపించాలి. పటేల్ భారీ మనిషి, ఎక్కడానికి చాలాసేపు పట్టేది. అంటే మా నాయిన గెలవడానికి సరిపడా ముందుంటే చాలదు, పటేల్ ఎక్కడానికి సరిపడా ముందుండాలి. ఇంత సిగ్గుమాలిన పని ఏడాదికేడాది పట్టపగలు అందరి కళ్ల ముందు జరిగేది, అందరూ చప్పట్లు కొట్టేవారు.

డప్పు కొట్టేది మా పెద్దనాయిన, అంటే మా నాయిన సొంత అన్న. తమ్ముడు గెలిచిన పందేనికి పటేల్ పేరు తన నోటితోనే చాటి వచ్చేవాడు. ఆ రాత్రి అన్నదమ్ములు పక్కపక్కనే కూర్చొని తినేవారు, ఒకరి మొఖం ఒకరు చూసుకునేవారు కాదు.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏడు. జాతర ముందు కొత్త కుండ తెమ్మని మా అమ్మ నన్ను కుమ్మరి అవ్వ ఇంటికి పంపింది. నేను వాకిటి బయటే నిలబడాలి, ఆమె కుండ తెచ్చి కింద పెడితే తీసుకోవాలి. ఆ అవ్వ చిన్న మనిషి, నడుము వంగింది, నోరు మాత్రం పెద్దది. నా మొఖం చూసి ఎందుకట్లున్నవే అని అడిగింది. పోయిన ఏడు నుంచి కడుపులో పెట్టుకున్నదంతా అక్కడ కక్కేశాను. మా నాయిన మొఖం ఇంటికి వచ్చాక మా అమ్మ తుడుస్తుంది, పళ్లల్లో కూడా దుమ్మే ఉంటుంది, నువ్వేమో తానం చేసి వచ్చిన మొఖాన్ని తుడుస్తవ్, తుడిచిందాన్నే ఎందుకు తుడుస్తవ్ అవ్వా అని అడిగాను. పెద్దవాళ్లను అట్లా అడగొద్దని నాకు తెలుసు, కోపం ఆగలేదు. ఆమె తిట్టలేదు. కుండ తెచ్చి కింద పెట్టి, "కుండ పైలం, జారిపోతది" అని లోపలికి పోయింది. అంతేనా అని నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

జాతరనాడు ఆడవాళ్లమంతా గుడి బయట, మాకు ఇచ్చిన జాగాలో నిలబడ్డాము. ఎర్రటి దుమ్ము లేచింది, దాని ముందు మా నాయిన కనపడ్డాడు. ఆ ఏడు పక్క ఊరి బండి బాగా దగ్గరగా తరుముతోంది. మా నాయిన పటేల్ ముందు బండి ఆపి దూకాడు. పటేల్ చక్రం మీద కాలు పెట్టాడు, ధోతి అంచు కాలి కింద పడింది, అల్లుడు లాగుతున్నాడు. పక్క ఊరి బండి మీదికొస్తోంది. మా అమ్మ నా భుజం పట్టుకొని నలుపుతోంది. ఓడిపోతే ఆ తప్పు పటేల్‌ది కాదు, మా నాయినదే అవుతుంది, ఆ మాట మా వాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎట్లనో పటేల్ ఎక్కాడు. మా నాయిన పగ్గం పట్టుకొని ఎడ్లతోపాటు పరుగెత్తి గుడి ముందు బండి నిలిపాడు. పక్క ఊరి ఎడ్ల ముట్టెలు మా బండి చక్రం దగ్గర ఆగాయి.

అవ్వ కుండ పట్టుకొని ఎదురొచ్చింది. పటేల్ బండి మీది నుంచే మొఖం ముందుకు వంచాడు. అవ్వ గుడ్డ తడిపి తుడిచింది. ఎప్పుడూ తుడిచినట్టు ఊరికే ఆనించి తీయలేదు, నుదురు, చెంపలు, మెడ వెనక, చెవుల సందులు కూడా రుద్ది తుడిచింది. తుడిచి గుడ్డను రెండు చేతులతో విప్పి పైకెత్తి జనానికి చూపించింది. గుడ్డ పొద్దున ఉతికినట్టే తెల్లగా ఉంది.

"పటేలా, కోసెడు దుమ్ములకెల్లి వచ్చినవంటున్నరు. నా గుడ్డకు ఇంత మట్టన్న అంటలే. గిట్లనే బండారి పెడితే అమ్మ ఊకుంటదా?" అంది.

డప్పు ఆగిపోయింది. పటేల్ ఏదో అనబోయి ఆగాడు. కుండ అమ్మది, గుడ్డ అమ్మది, అడుగుతున్నది అమ్మ పూజ చేసే మనిషి. అక్కడ అవ్వను కసురుకుంటే అమ్మను కసురుకున్నట్టే. అవ్వ ఆయన జవాబు కోసం నిలబడలేదు. వంగిన నడుముతో ఎడ్ల ముందుకు నడిచింది.

"ముందుకు రా కొడుకా," అని మా నాయినను పిలిచింది.

"వద్దవ్వా, నీ కాల్మొక్త, నన్ను ముట్టుకోకు," అన్నాడు మా నాయిన. వెనక్కి జరిగాడు. ఆ భయం ఆ రోజు నేను కళ్లారా చూశాను. పరుగెత్తే ఎడ్ల ముందు నిలబడగలిగిన మనిషి ఒక ముసలామె చేతిలోని తడిగుడ్డకు వెనక్కి జరిగాడు. ఆయనను అంత భయపెట్టి పెట్టిన ఊరిని నేను క్షమించలేదు.

"ముట్టుకునేది నేను గాదు, అమ్మ," అని అవ్వ ఆయన గదవ పట్టుకొని మొఖం తుడిచింది. మళ్లీ గుడ్డ ఎత్తింది. ఎర్రమట్టి ఎర్రగా అంటి ఉంది, ఒక అంచున పెదవి పగిలిన నెత్తురు కూడా ఉంది. ఆమె మా నాయిన నుదుట బండారి పెట్టి, మా పెద్దనాయిన వైపు తిరిగి, "నోట్లె నాలుక లేదా, సాటు!" అని గద్దించింది.

మా పెద్దనాయిన చాటాడు. ఆగిన డప్పు మళ్లీ మోగింది. తమ్ముడి పేరు, మా ఇంటి పేరుతో సహా, ఊరి బజార్లన్నీ తిరిగి చాటి వచ్చాడు. మా వాడ పేరు ఊరి నడిమిట్ల అంత గట్టిగా వినపడటం అదే మొదలు.

తర్వాత అంతా బాగైందని చెప్పడానికి నాకు నోరు రాదు. తెల్లవారి పటేల్ మా నాయినను బండి మీది నుంచి తీసి మోట కొట్టడానికి పెట్టాడు. ఆ ఎడ్లను ఇంకొకరికి అప్పజెప్పాడు. మరుసటి ఏడు జాతరలో పటేల్ బండి వెనకబడ్డది. నేను ఎగిరి గంతేశాను. మా నాయిన మాత్రం ఆ ఎడ్ల తొడల మీద ముల్లుకట్టె గాట్లు చూసి వచ్చి బువ్వ ముట్టలేదు. ఆ తర్వాత ఆయన ఏ పందెమూ తోలలేదు, పటేల్ తోలనివ్వలేదు. పొరుగూళ్ల జాతరలలో గెలవాల్సినవి ఎన్ని ఉండెనో, అంత పనితనమూ మోట బాయి దగ్గర నీళ్లపాలైంది. పటేల్ ఇంటివాళ్లు అవ్వ దగ్గర కుండలు కొనడం మానేశారు, వాళ్లను చూసి ఇంకొందరు మానేశారు.

మా అమ్మ చాలా రోజులు అవ్వను తిట్టుకుంది. బండారి పెట్టి మా ఇంటి మీద నిప్పు పోసింది అనేది. నాకూ అనుమానం పట్టుకుంది. అడిగింది నేనే కదా, నా నోటి వల్లనే నాయిన బండి పోయిందా అని. ఒకరోజు అవ్వ వాకిట్లో నిలబడి, నీ వల్ల మా నాయినకు బండి లేకుండా పోయింది అని ఏడ్చాను. ఆమె మట్టి పిసుకుతున్న చేయి ఆపి, మట్టిచేతులతోనే వాకిలి దాటి నా దగ్గరికి వచ్చింది.

"బండి పటేల్‌ది, గుంజుకుండు. పేరు నీ అయ్యది. గది గుంజుకోమను, సూస్త," అంది. అని నా గదవ పట్టుకుంది. ఊళ్లోవాళ్లు నన్ను ముట్టుకోవడం నాకు అదే మొదటిసారి. ఆ తడిమట్టి చల్లదనం నాకు ఇప్పటికీ తెలుసు.

మా నాయినను నేను అడిగాను, ఆ బండారి పెట్టించుకోకుండా ఉంటే బాగుండేదా అని. ఆయన కాలుస్తున్న చుట్టను నేలకు రాసి ఆర్పాడు. "నా పేరు నేను ఇన్న బిడ్డా," అన్నాడు. దాన్ని సంతోషం అనాలో బాధ అనాలో నాకు తెలియదు. ఒక మనిషి తన పేరు ఒక్కసారి వినడానికి తన బతుకులో ఇష్టమైన ఒక్క పనినీ వదులుకోవాల్సి రావడం ఏం న్యాయం? ఎవరైనా నాకు చెప్పండి, కూర్చొని వింటాను.

నేను చదువుకున్నాను, బడిలో పంతులమ్మగా పనిచేశాను, పెన్షన్ తీసుకుంటున్నాను. ఎక్కడన్నా ఒకరికి శాలువా కప్పుతుంటే నా కళ్లు ముందుగా వేదిక కింద నిలబడ్డవాళ్ల మీదికి పోతాయి. ఈ పని చేసిందెవరు అని లేచి అడుగుతాను. అడిగినందుకు చాలామందికి కానిదాన్నయ్యాను. అదంతా ఎప్పటి ముచ్చటో, ఇంకా ఎందుకమ్మా ఆ కోపం, దించుకోరాదా అని నాకు నెమ్మదిగా చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్ల మొఖాల వైపు చూస్తాను. ఒక్కరి మొఖాన కూడా దుమ్ము ఉండదు.