ప్రకాశం దాచిన ఎర్రమట్టి

వేంపల్లె నుంచి పులివెందులకు పోయే దారిలో వనజమ్మ చీనీతోట ఉంది, బత్తాయినే అక్కడ చీనీ అంటారు. ఆ తోటకు కాపలా కాసేది, నీళ్ళు పెట్టేది, కొమ్మలు కత్తిరించేది అన్నీ ప్రకాశమే. ఇరవై రెండేళ్ళ కిందట ఆ మొక్కలు నాటిందీ ఆ చేతులే. బడి ముఖం చూడలేదు, మొన్నమొన్నటిదాకా సంతకమూ రాదు. అయితేనేం, ఏ చెట్టు ఏ యేడు ఎట్లా కాసిందో అడగండి, నీళ్ళు నమలకుండా చెబుతాడు.

ఆయనకొక నమ్మకం ఉండేది. దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాలేదు. చెట్టు వాడిందా, నీళ్ళు పెట్టు. ఇంకా వాడిందా, ఇంకా పెట్టు. ఎందుకుండదు చెప్పండి! చిన్నప్పుడు బిందెడు నీళ్ళ కోసం మైళ్ళు నడిచినవాడు, ఎండిన బావుల్లోకి దిగి పూడిక తీసినవాడు. "నీళ్ళెక్కువై సచ్చిన చెట్టు ఈ సీమలో యాడన్నా ఉందా?" అని నవ్వేవాడు. మోటరు వేశాడంటే పాదు నిండి, చెట్టు మొదలు మునిగేదాకా ఆపేవాడు కాదు.

అట్లాంటి తోటకు ఐదేళ్ళ కిందట తెగులు తగిలింది. మొదళ్ళ నుంచి బంక కారింది, బెరడు కుళ్ళింది, ఆకులు పసుపెక్కి రాలాయి. వనజమ్మ మందులు కొట్టించింది. ఎవరి దిష్టో తగిలిందంటే గేటుకు బూడిదగుమ్మడికాయ కూడా కట్టించింది. చివరికి విసిగిపోయింది.

"ప్రకాశం, ఇంక నా వల్ల కాదప్పా. జేసీబీ పిలిపిస్తాండా. అన్నీ పెరికేసి అరటి పెట్టుకుందాం."

ఆ పూట ప్రకాశం అన్నం ముట్టలేదు.

ఆయన కూతురు ఎస్తర్ జమ్మలమడుగు దగ్గర హైస్కూల్లో సైన్సు టీచరు. సంగతి తెలిసి ఆదివారం చర్చి కాగానే బస్సెక్కి వచ్చింది. గంటసేపు ఒక్కతే తోటంతా తిరిగింది.

"నాయనా, ఎగువన మిట్ట మీద చెట్లు బాగుండాయి. దిగువన నీళ్ళు నిలిచేకాడ చెట్లకే బంక కారతాంది. మొదలుకు నీళ్ళు తగిలి కుళ్ళుతాండాయేమో?"

ప్రకాశానికి కోపం నషాళానికెక్కింది. "ఏందీ? నా చెట్లను నేనే సంపుతాండానా? నాలుగు పుస్తకాలు సదివి నాయనకే నేర్పుతాండావే?"

"నేను అనుమానం అంటాండా, అంతే. నిజమో కాదో చెట్లనే అడుగుదాం."

చెట్లను అడగడానికీ ఒక పద్ధతి ఉంది. దిగువన పన్నెండేసి జబ్బు చెట్లున్న రెండు సాళ్ళు తీసుకుంది. రెండింటికీ ఒకే ఎరువు, ఒకే మందు, అన్నే నీళ్ళు. మొదటి సాలులో మాత్రం ప్రతి చెట్టు మొదలు చుట్టూ జానెడెత్తు మట్టికట్ట వెయ్యాలి, నీళ్ళు దాని బయటే నిలవాలి. రెండో సాలు ఎప్పటిమాదిరే. వనజమ్మకు ఇది వింతగా తోచింది. "బాగుచేసేదేదో రెండిటికీ చెయ్యొచ్చు గదా?" అంది.

"రెండిటికీ చేస్తే, కట్ట వల్ల బాగైనాయో వానల వల్ల బాగైనాయో ఎట్లా తెలుస్తుందమ్మా?"

వనజమ్మ ఏడాది గడువిచ్చింది. తేడా తన కంటికి కనబడకపోతే జేసీబీ రావడం ఖాయమంది. ఎస్తర్ ప్రతి నెలా రెండో ఆదివారం వచ్చి, చెట్టు చెట్టుకూ చూసి నోటుబుక్కులో రాసుకునేది.

నాలుగు నెలలకు మొదటి సాలులో చిగుళ్ళు లేచాయి. ప్రకాశం ఒక్కో చిగురునూ తడిమి చూశాడు. ఇన్నేళ్ళూ తాను ప్రేమగా తాగించిందే వాటికి చేటైందా? ఆ బాధ ఒకెత్తు, రెండో సాలు బాధ ఇంకో ఎత్తు. అందులో ఆరు చెట్లు సరిగ్గా ఆయన గుడిసె ముందే ఉన్నాయి. పొద్దున్నే కళ్ళు తెరిస్తే అవే కనబడతాయి, ఆకులు రాల్చుకుంటూ. మందు తెలిసీ చూస్తూ కూర్చోమంటే పెంచిన ప్రాణం ఊరుకుంటుందా? పరీక్షంట, పరీక్ష!

ఊరుకోలేదు. తోటలోది నల్లమట్టి, ఎండితే నెర్రెలిచ్చి నీళ్ళు వదిలేస్తుంది. అందుకని మొదటి సాలుకు తెచ్చినట్టే దూరపు గుట్ట నుంచి ఎర్రమట్టి గంపలతో మోసుకొచ్చి, ఆ ఆరింటికీ కట్ట వేశాడు. ఎస్తర్ వచ్చే ముందురోజు దాన్ని చదును చేసి పైన నల్లమట్టి కప్పేవాడు. ఆమె బస్సెక్కగానే మళ్ళీ కట్ట వేసేవాడు. చేస్తున్నది దొంగపనని ఆయనకు తెలుసు. చర్చిలో పాట పాడుతున్నా ఆ ఆరు చెట్లే గుర్తొచ్చేవి.

ఏడాది తిరిగింది. వనజమ్మ వచ్చింది, వెనకాలే డ్రైవరు సర్దార్ జేసీబీ తెచ్చి గేటు దగ్గర నిలిపాడు. వనజమ్మ తనే చెట్లు లెక్కబెట్టింది. కట్ట వేసిన సాలులో తొమ్మిది కోలుకున్నాయి. వెయ్యని సాలులో ఐదు.

"కట్ట లేకున్నా ఐదు లేచినాయి గదమ్మా! ఇంక నీ కట్ట గొప్పేముంది? వానలు కలిసొచ్చినాయి, అంతే. సర్దార్, బండి లోపలికి తే!"

ఎస్తర్ ముఖం చిన్నబోయింది. అయినా నోటుబుక్కు దాచలేదు. "ఆ ఐదూ ఎందుకు లేచినాయో నాకూ తెలీదమ్మా. నాకు నచ్చకున్నా, లేచినాయి కాబట్టి లేచినాయనే రాసినా."

ఆ మాట ప్రకాశానికి సూటిగా తగిలింది. నచ్చనిది కూడా రాసుకున్న కూతురు ఒకపక్క, మట్టి కప్పి దాచిన తాను ఒకపక్క. పరుగున పోయి జేసీబీకి అడ్డం నిలబడ్డాడు.

"ఆపప్పా సర్దార్! అమ్మా, తప్పు నాది. నా గుడిసె ముందర ఆరు చెట్లకు దొంగగా నేనే కట్టలేసినా. ఐదు బతికినాయి, ఒకటి సచ్చిపాయ."

"బండి గేటుకాడికొచ్చినాక కతలు చెప్తాండావా?" అని వనజమ్మ కసిరింది.

"నా మాట నమ్మొద్దు. తవ్వి చూడు."

వనజమ్మ పార తనే అందుకుంది. మొదటి చెట్టు దగ్గర నాలుగు వేళ్ళ లోతున ఎర్రమట్టి బయటపడింది. రెండోదాని దగ్గరా అంతే. ఆరింటి దగ్గరా ఎర్రమట్టే. ఆ సాలులోనే మిగిలిన ఆరింటి దగ్గర తవ్వితే నల్లమట్టి తప్ప ఏమీ లేదు. ఆ ఆరూ ఎండిపోయి ఉన్నాయి.

ఎస్తర్ నోటుబుక్కులో లెక్క మళ్ళీ వేసింది. "కట్ట ఉన్నవి పద్దెనిమిది, పద్నాలుగు బతికినాయి. లేనివి ఆరు, ఒక్కటీ బతకలే!"

వనజమ్మ పార కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది. "నిజం నిలకడ మీద తెలుస్తుందంటే ఇదే గదా! సర్దార్, బండి తిప్పుకోని పో నాయనా. ప్రకాశం, రేపట్నుంచి తోటంతా కట్టలెయ్యి."

ప్రకాశం అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎస్తర్ పక్కన కూర్చుంది. "పరీక్ష మధ్యలో చెయ్యి పెట్టడం తప్పే నాయనా. నీ తప్పు కూడా ఈ పుస్తకంలో రాయల్ల. కింద నువ్వు సంతకం పెట్టల్ల."

"వేలిముద్ర ఎయ్యనా?"

"వద్దు. నేర్చుకో."

యాభై ఎనిమిదేళ్ళ వయసులో, కట్టలు వేస్తూ వేస్తూ, పుల్లతో ఆ ఎర్రమట్టి మీదే అక్షరాలు దిద్దాడు. సంతకంతో ఆగలేదు, చదవడమూ పట్టుకున్నాడు. నిరుడు తోట విరగకాసింది. ఎస్తర్ తన బడిపిల్లలను తీసుకొస్తే, ప్రకాశం కాయలు కోసి చేతుల్లో పెట్టి, ముందుగా ఆ నోటుబుక్కు తెరిచాడు. అక్షరాల కింద వేలు జరుపుతూ, తోటంతా వినబడేలా తనే చదివాడు.

"ఆరు చెట్లకు దొంగగా కట్ట వేసింది నేనే. ఇట్లు, ప్రకాశం."